వాడికి పని లేని రోజు

పశువైద్యం చదివి కొత్తగా ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన ముసలిదాన్ని పలకరించి పోదామని కాదు. నేను ఆఖరున పనిచేసిన మండలంలో వాళ్ళకు పోస్టింగు పడుతుంది. అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, ఏ ఊరి రైతుతో జాగ్రత్తగా మాట్లాడాలి అని కనుక్కుందామని వస్తారు. అవి చెప్పి, కాఫీ చేతికిచ్చి, "కుక్కల కేసులు చూస్తారా?" అని అడుగుతాను. "ఇప్పుడు సగం కుక్కలే కదా మేడం" అంటారు. అయితే కూర్చోండి అని ఈ సంగతి మొదలుపెడతాను. విన్నవాళ్ళలో కాఫీ పూర్తిగా తాగినవాళ్ళు తక్కువ.

నా సర్వీసంతా గేదెలతో గడిచింది. చిలకలూరిపేట దాటాక హైవే దిగి ప్రకాశం జిల్లా వైపు పోతే, పత్తి చేలూ మిరప చేలూ తప్ప ఇంకేమీ కనపడని ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళన్నిటికీ మాది ఒక్కటే పశువుల ఆసుపత్రి. ఈనలేక అవస్థపడే గేదె, మేత మానేసిన ఎద్దు, గాలికుంటు టీకాలు, వీటితోనే తెల్లారి పొద్దుగూకేది. మా అటెండరు గేదె కడుపులో దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి నాకు సాయపడేవాడు. అదే మనిషి గుమ్మంలో కుక్కపిల్ల కనపడితే స్టూలెక్కేవాడు. "కొమ్ములున్నదాంతో ఎట్టయినా వేగొచ్చు మేడంగారూ, కోరలున్నదాంతో నావల్ల కాదు" అనేవాడు. నేనూ కుక్కల్లో అంత దిట్టనేమీ కాదు. పిచ్చికుక్క కాటు టీకా వేసి పంపించడమే ఎక్కువ.

ఫోన్లలో వీడియోలు వచ్చాక మా ఊళ్ళలోకీ జాతికుక్కలు వచ్చాయి. గోడలు దూకేవీ, మనిషి చేతికి తొడిగిన గోనె మీదికి ఎగబడి కరిచిపట్టుకునేవీ చూసి రైతులు ముచ్చటపడ్డారు. అట్లా ముచ్చటపడ్డ ఒక పెద్ద రైతు ఎక్కడి నుంచో మాలినోయ్ పిల్లను తెప్పించాడు. పోలీసులూ సైన్యమూ పెంచుకునే జాతి. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి మూతి, నిక్కబొడుచుకున్న చెవులు. కోసిన మిరపకాయలు ఎండబోసే కల్లంలో కట్టేస్తే దొంగల భయం ఉండదని ఆయన అనుకున్నాడు. కొన్న మనిషి అమ్మిన మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ట్రాక్టరు కొనేటప్పుడు ఆయన ఎన్ని ప్రశ్నలు వేశాడో ఊరంతా చెప్పుకుంటుంది.

కుక్క ఏడాది దాటి ఎదిగాక ఒక పొద్దున ఆ రైతు మా ఆసుపత్రికి వచ్చాడు. వస్తూ ఒక గోతాం తెచ్చి నా బల్ల మీద బోర్లించాడు. చినిగిన పట్టా ముక్కలు, కొరికేసిన డ్రిప్పు పైపులు, బండి సీటులోంచి పీకిన స్పాంజి, మోటారు వైరు, ఒక చెప్పు.

"చూశారుగా డాక్టరమ్మగారూ. కాయల మీద కప్పే పట్టా చింపితే ఇంక మా బతుకేంది? వానొస్తే పంటంతా నల్లబడి పోద్ది. ఒక్క సూది పొడిచెయ్యండి, పీడా పోద్ది."

"దానికి జబ్బేమిటి?"

"ఇదే జబ్బు."

"నేను ముందు కుక్కను చూడాలి" అన్నాను.

"చూసేదేముందమ్మా? మీరు వెయ్యనంటే మా ఇంట్లో పురుగుమందుకు కొదవా?" అన్నాడు. మనిషి కోపంగా అన్నాడు గానీ, ఆ ఊళ్ళో అది ఉత్తి మాట కాదు. మిరప చేలున్న చోట మందు డబ్బా ప్రతి గడపలోనూ ఉంటుంది. నేను బ్యాగు తీసుకుని ఆయన వెనకే బయల్దేరాను. మా అటెండరు వాకిట్లో దాకా వచ్చి, "నేనూ రావాలా మేడంగారూ?" అన్నాడు. రావాలన్నాను.

కల్లం నిండా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. ఒక పక్క రేకుల షెడ్డు, ఇంకో పక్క మోటారు షెడ్డు. నడుమ ఇనప గుంజకు పొట్టి గొలుసుతో కుక్క. గొలుసు ఎంత దూరం సాగితే అంత మేర వాడు తిరిగి తిరిగి నల్లరేగడి మట్టిలో గుండ్రంగా కాలవ పడింది. మమ్మల్ని చూడగానే గొలుసు తెగేట్టు ఎగిరాడు. మా అటెండరు ట్రాక్టరు ఎక్కేశాడు.

దగ్గరికెళ్ళి చూస్తే మూతంతా వాచి, పెదాలు పుండ్లు పడి ఉన్నాయి. అడిగితే అక్కడే రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పారు. కొరక్కుండా ఉండాలని గుంజకూ గొలుసుకూ పట్టా అంచులకూ మిరపకాయ నూరి పూశారట. ఆ ఊళ్ళో దేనికైనా మందు మిరపకాయే. చీమలొస్తే అదే, దిష్టి తగిలితే అదే, పసిపిల్లాడు వేలు చీకితే ఆ వేలికీ అదే. అందుకని వాళ్ళకది హింసగా తోచలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

"మీ మూతికి పూసి, చేతులు కట్టేసి ఎండలో కూర్చోబెడితే ఏం చేస్తారు? మీరూ పట్టా చింపుతారు!" అని రైతు మీద కేకలేశాను. నాకు ముక్కు మీద కోపమని మా శాఖలో పేరు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను. చెయ్యాల్సింది చూడటమే అని నాకు అనిపించింది. వాడు పడుకుంటే ఎవరూ వాడి వైపు చూడరు. నిలబడి తోక ఊపితే చూడరు. పట్టా కొస నోట కరుచుకుని ఒక్క లాగు లాగాడో, నలుగురూ అరుస్తూ పరిగెత్తుకొస్తారు. ఒకరు కర్ర, ఒకరు పిడకల బుట్ట, రైతు గారు నోటికొచ్చిన తిట్లు. దెబ్బలు పడుతున్నా వాడి కళ్ళు మెరుస్తున్నాయి. పొద్దుటి నుంచీ వాడి దగ్గరికి మనుషులు రావడం అదే మొదలు. కర్రతో వచ్చినా సరే, వచ్చారు గదా అని వాడి సంతోషం. అది చూసి నాకు జాలేసింది.

సాయంత్రం నా క్లాసుమేటుకు ఫోన్ చేశాను. అతను పోలీసు కుక్కలకు డాక్టరుగా చాలా ఏళ్ళు చేసిన మనిషి. అంతా విని నవ్వాడు. "వాడు చెడ్డకుక్క కాదే, ఉద్యోగం లేని కుక్క. మా దగ్గర ఆ జాతి పొద్దున్నే పరిగెత్తుద్ది, వెతుకుద్ది, పని ముగిశాక పడుకుని నిద్రపోద్ది. నువ్వు పని చూపించకపోతే వాడే చూసుకుంటాడు. వాడు చూసుకునే పని మీకు నచ్చదు."

మర్నాడు రైతుకు కరాఖండీగా చెప్పాను. ఒంట్లో బాగున్న జంతువుకు నేను ఆ సూది వెయ్యను. కాయలు కల్లం నుంచి ఎత్తేదాకా గడువు కావాలి. మారకపోతే ఎవరికైనా ఇప్పిద్దాం. ఆయన విసుగ్గా, "మీ ఇష్టం. వాడితో పరిగెత్తేదెవరు? నాకు షుగరు, మోకాళ్ళు" అన్నాడు.

"నేను చూసుకుంటాలే అయ్యగారూ" అని వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

ఆమె కల్లానికి కాపలా ఉండే మనిషి. భర్త పోయాక ఆ రైతు దగ్గరే పనికి కుదిరింది. షెడ్డు పక్కన తాటాకు పాకలో ఉంటుంది, ఆదివారం మాత్రం తెల్లచీర కట్టుకుని చర్చికి పోతుంది. నన్ను చూస్తే చేతులు జోడించి "వందనాలమ్మా" అనేది. అంతకుముందు ఆ కుక్కను అందరికన్నా ఎక్కువ కొట్టింది ఆమేనని తర్వాత తానే చెప్పింది. పట్టా చినిగితే మాట పడేది ఆమే మరి.

మొదటి రోజు వాడి గొలుసు నడుముకు కట్టుకుని కాలవకట్ట మీదికి తీసుకుపోయింది. కొంగ కనపడగానే వాడు లాగిన లాగుకు బోర్లా పడి, మోకాళ్ళు చీరుకుపోయి వచ్చింది. "ఈడు కుక్క కాదమ్మా, బస్సు" అంది. నేను గాయాలకు అయోడిన్ పూస్తుంటే నవ్వుతూనే ఉంది. గొలుసు తీసేసి పొడుగు తాడూ మెడకు మెత్తటి పటకా కొనిపించాను. మూతి పుండ్లు మానే మందు ఇచ్చాను. మిరపకాయ పూయడం మాన్పించాను.

ఆమెకు నేను చెప్పినవి కొద్ది మాటలే. ఎండెక్కక ముందే కట్ట మీద పరుగు. వచ్చాక గోనె ముక్క ఒకటి చేలో దాచి, వెతికించడం. దొరికితే మెచ్చుకుని, దాంతోనే కాసేపు పెనుగులాడటం. వాడు కొరకడానికి వాడివే అయిన వస్తువులు: గేదె గిట్ట, కొబ్బరి డొక్క. పని అయిపోయిందని వాడికి తెలియడానికి ఒక మాట పెట్టుకోమన్నాను. ఆమె "చాలు" అని పెట్టుకుంది. చెయ్యి వాడి మెడ మీద వేసి, "ఇంక చాలు నాయనా, చాలు" అనేది. కొన్నాళ్ళకు ఆ మాట వినపడితే వాడు ఎక్కడున్నవాడు అక్కడ కూలబడి, తల కాళ్ళ మీద పెట్టి, ఒక నిట్టూర్పు విడిచేవాడు.

ఇంకొక మాట కూడా చెప్పాను. కట్టేసినప్పుడు మొరిగితే దగ్గరికి పోవద్దు, తిట్టనూవద్దు. ఊరుకున్నాకే వెళ్ళి విప్పండి. అరిస్తే మనుషులొస్తారని నేర్చుకున్నాడు గదా, ఊరుకుంటే వస్తారని నేర్పుదాం అన్నాను. ఇది ఆమెకు బాగా పట్టుబడింది. తాలుకాయలు ఏరేవాళ్ళందరికీ ఆమే పాఠం చెప్పింది. వాడు మొరుగుతుంటే కొత్తగా వచ్చిన కూలీ ఎవరైనా లేవబోతే, పాతవాళ్ళు కొంగు పట్టి లాగి కూర్చోబెట్టేవాళ్ళు. "డాట్రమ్మ చెప్పింది, ఊరుకోనీ" అనేవాళ్ళు. నేను కల్లంలోకి పోయినప్పుడల్లా ఈ క్రమశిక్షణ చూసి మురిసిపోయేదాన్ని. మా శాఖలో నా మాట అంతమంది వినడం నేనెరగను.

అంతా సాఫీగా జరిగిందని అనుకోకండి. ఒకవారం బాగుండి, మరో వారం మళ్ళీ పైపులు కొరికేవాడు. ఒక ఆదివారం ఆమె వాడిని చర్చికి తీసుకుపోయి బయట కట్టేసింది. లోపల ప్రార్థన అయ్యేసరికి బయట విడిచిన చెప్పుల్లో సగం ముక్కలైపోయాయి. అందులో పాస్టరుగారివీ ఉన్నాయి. సంఘపెద్దలు ఆమెను పిలిచి గట్టిగా మందలించారు. ఆమె నా దగ్గరికి వచ్చి, "ఆయన పాటలు ఎక్కువసేపు పాడించాడమ్మా, ఈడికి పొద్దుపోక చేశాడు" అని కుక్క తరఫున వాదించింది. మా అటెండరు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం రైతు. ఆమెకు జ్వరమొచ్చిన రోజుల్లో తప్పక తాడు తానే పట్టుకున్నాడు. షుగరు డాక్టరు ఎన్నేళ్ళుగా నడవమని చెప్పినా వినని మనిషి, కుక్క లాగితే కట్ట చివరిదాకా నడిచాడు. తర్వాత ఆమెకు జ్వరం తగ్గినా తాడు వదల్లేదు. పొద్దున ఆమె, సాయంత్రం ఆయన. "ఏరా, పోదామా?" అని ఆయన చెప్పులేసుకుంటే వాడు గిరగిరా తిరిగేవాడు. ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, "సుగర్ తగ్గిందంట డాక్టరమ్మగారూ" అని తన రిపోర్టు తెచ్చి పశువుల డాక్టరుకు చూపించాడు. సూది మాట మళ్ళీ ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

అట్లా గుడ్ ఫ్రైడే వచ్చింది. అప్పటికి ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం చర్చిలో, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల కూడిక ఉంటుంది. ఎండ నడినెత్తినున్నప్పుడు మొదలైతే చల్లబడేదాకా సాగుతుంది. చెప్పుల గొడవ తర్వాత ఆమె వాడిని అక్కడికి తీసుకుపోవడం మానేసింది. ఆ పొద్దున ఉపవాసం, కూడికలో పాడాల్సిన పాట చూసుకోవాలి, దాంతో కట్ట మీదికి కూడా పోలేదు. సాయంత్రం రెండు పరుగులూ కలిపి తీయిస్తానని రైతుకు చెప్పి వెళ్ళింది.

అదే రోజు రైతు కాయలు గుంటూరు ఏసీకి పోతున్నాయి. ఏసీ అంటే మా వైపు కాయలు దాచే కోల్డ్ స్టోరేజీ. లారీ వచ్చింది, టిక్కీలు ఎత్తే ముఠా కూలీలు దిగారు. మిరపకాయ నింపిన బస్తాను మా దగ్గర టిక్కీ అంటారు. ముఠావాళ్ళు కుక్కను చూసి, "అది అట్టుంటే మేం ఎత్తం" అని మొండికేశారు. పొద్దున పరుగు లేదు, ఆమె లేదు, కొత్త మనుషులు, లారీ మోత. వాడు గుంజ చుట్టూ గింగిరాలు తిరుగుతున్నాడు.

రైతు ఆలోచించాడు. మోటారు షెడ్డులో పెడదామంటే కరెంటు వైర్లున్నాయి, కొరికితే షాకు కొట్టి చస్తాడని భయం. ఎండలో చేలో కట్టెయ్యడానికి మనసొప్పలేదు. ఖాళీ అయిన రేకుల షెడ్డుంది. దాంట్లో ఒక మూల ఏరి పారేసిన తాలుకాయల కుప్ప తప్ప ఏమీ లేదు. వాడిని అందులోకి తీసుకెళ్ళి, తాడు విప్పి, పెద్ద బేసిన్ నిండా నీళ్ళు పెట్టి, గేదె గిట్ట వేసి, తలుపు గడియ పెట్టాడు. అంతకుముందు ఎన్నడూ వాడిని ఒంటరిగా గదిలో పెట్టలేదు. లారీ నిండగానే విప్పుదామని ఆయన ఉద్దేశం. నిండాక కాటా వేయించాలని డ్రైవరు తొందరపెట్టాడు, ఈయనా ఎక్కి వెళ్ళాడు. హైవే మీద కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయట.

ఇక్కడ మీరు ఒక విషయం ఊహించుకోవాలి. తాలుకాయ ఎండి పెళుసుగా ఉంటుంది. తొక్కితే పొడైపోతుంది. పైన ఎండకు కాలే రేకులు, మూసిన తలుపు. అందులో పరిగెత్తకుండా ఉండలేని జంతువు. మనం ఆ షెడ్డులోకి పోతే తుమ్మి బయటికి వచ్చేస్తాం. ఆ ఊరివాళ్ళు తుమ్మరు కూడా. పుట్టిన దగ్గర నుంచీ అందులోనే ఉంటారు, ఘాటు వాళ్ళ ముక్కుకు ఆనదు. అది ఇంకొకరికి ఊపిరాడనివ్వదన్న ఆలోచన ఆ రైతుకు రాలేదంటే నేను నమ్ముతాను. ఆయన వాడిని నీడలో పెట్టాననే అనుకున్నాడు.

సాయంత్రం ఆమె ఫోన్ చేస్తే చర్చి నుంచి అనుకున్నాను. కాదు, కల్లం నుంచి. మాట అర్థం కాలేదు, ఏడుపు మాత్రం వినపడింది. సెలవురోజైనా కేసులుండి తెరిచిన ఆసుపత్రి మూసే వేళ. మా అటెండరు మారుమాట లేకుండా సెలైన్ సీసాలు సంచిలో వేసుకుని నా స్కూటరు వెనక కూర్చున్నాడు.

వెళ్ళేసరికి వాడిని వేపచెట్టు కింద పడుకోబెట్టి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. ఆమె తెల్లచీర నిండా ఎర్రపొడి. వాడి కళ్ళు పూర్తిగా వాచి మూసుకుపోయాయి. నాలుక నల్లబడింది. చిగుళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. థర్మామీటరు పెడితే పాదరసం చివరిదాకా ఎక్కి ఆగిపోయింది. ముందరి కాళ్ళకు గోళ్ళు లేవు. షెడ్డు వైపు చూశాను. రేకు తలుపు కింది అంచు బయటికి వంగి ఉంది. దాని మీద నెత్తురు, విరిగిన పన్ను ముక్క. లోపల బేసిన్ బోర్లా పడి ఉంది. ఇదంతా ఇదివరకు వాడు చేసిన అల్లరిలాగే ఉంది. ఈసారి వాడు బయటికి రావాలని చేశాడు.

చెయ్యగలిగిందంతా చేశాం. కళ్ళు సెలైన్‌తో కడిగాను, నరంలోకి సెలైన్ ఎక్కించాను, తడిగుడ్డలు కప్పి విసిరాం. మా అటెండరు నేల మీద చతికిలబడి కుక్క తలను ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరూ పెట్టుకోమనలేదు. ఒళ్ళు కాస్త చల్లబడగానే ఫిట్స్ మొదలయ్యాయి. తగ్గించే మందు వేస్తే ఆగేవి, మళ్ళీ వచ్చేవి. కాసేపటికి సూది గుచ్చిన చోటల్లా నెత్తురు ఆగకుండా కారడం మొదలైంది. పిల్లలూ, అది మీరు పుస్తకంలో చదువుకునే ఉంటారు. లోపల అవయవాలు ఒక్కొక్కటే చేతులెత్తేస్తున్నాయని గుర్తు. నాకు అర్థమైపోయింది. ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక ఇంకో సీసా పెట్టాను.

రైతు అప్పుడు వచ్చాడు. కాటా చీటీ చేతిలోనే ఉంది. వాడిని చూశాడు, షెడ్డును చూశాడు. "నీడని పెట్టానమ్మా" అన్నాడు. "వైర్లు కొరుకుతాడని ఇందులో పెట్టా. నీళ్ళు పెట్టా." వాడి కాళ్ళు గాలిలో పరిగెడుతున్నట్టు కొట్టుకుంటున్నాయి. ఆయన కాసేపు ఆ కాళ్ళనే చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, మొహం అటు తిప్పుకుని అడిగాడు.

"డాక్టరమ్మగారూ, మొదటి రోజు మిమ్మల్ని ఒకటి అడిగా గదా."

"ఊ."

"అది... ఇప్పుడు ఇయ్యండి."

నేను ఆమె వైపు చూశాను. ఆమె తల ఊపింది. మందు సిరంజిలోకి తీశాను. అన్నేళ్ళ సర్వీసులో అది మామూలు పని, అయినా మోతాదు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఆమె వాడి పక్కన వంగి, మెడ మీద చెయ్యి వేసి, చెవి దగ్గర అంది. "ఇంక చాలు నాయనా. చాలు. చాలా చేశావు."

సూది ఇంకా గుచ్చలేదు. వాడి కాళ్ళు ఆగాయి. తల అటెండరు ఒళ్ళోంచి జారి ముందుకాళ్ళ మీదికి వచ్చింది. పని ముగిసినప్పుడు విడిచే నిట్టూర్పు విడిచాడు. ఆ మాట వినపడి ఆగాయో, ఫిట్స్ వాటంతట అవే ఆగాయో డాక్టరుగా నేను చెప్పలేను. నేను మందు ఎక్కించాను. మా అటెండరు మొహం భుజానికి తుడుచుకున్నాడు.

చేలగట్టు మీద గొయ్యి తవ్వింది రైతే. మోకాళ్ళ నొప్పులని ఆ రోజు అనలేదు. ఆయన రాగానే కేకలెయ్యాలని అనుకుంటూ ఉన్నదాన్ని, తవ్వడం అయ్యాక నీళ్ళ చెంబు అందించాను.

నేను చేతులు కడుక్కుంటుంటే తాలుకాయలు ఏరే ఆడవాళ్ళలో ఒకామె వచ్చి నిలబడింది. లారీ పోయాక కల్లంలో మిగిలింది వాళ్ళే. షెడ్డుకూ వాళ్ళకూ మధ్య ఈ వాకిలికీ ఆ వాకిలికీ ఉన్నంత దూరం.

"అమ్మా, చాలాసేపు అరిచాడు. తలుపు కొట్టాడు. మీరు చెప్పారుగా, అరుస్తుంటే పోవద్దని. కొత్తగా వచ్చిన పిల్ల లేవబోతే నేనే కూర్చోబెట్టా." ఆగి మళ్ళీ అంది. "తర్వాత ఊరుకున్నాడు. బుద్ధొచ్చిందిరా, ఊరుకున్నాడు అని మెచ్చుకున్నాం గూడా. చర్చిలో పాట ముగించుకుని ఆమె వచ్చినాకే తలుపు తీశాం. ఊరుకున్నాకే గదమ్మా తియ్యాలి?"

నేను ఏమన్నానో గుర్తులేదు. మీ తప్పేమీ లేదు అని అనే ఉంటాను. ఆమె నమ్మినట్టు కనపడలేదు.

తర్వాత ఇదంతా నా క్లాసుమేటుకు చెప్పాను. నేర్పిన పద్ధతి సరైనదే అన్నాడు. నాకూ తెలుసు. ఇవాళ మీరు వెళ్ళబోయే ఊళ్ళో పట్టాలు చింపే కుక్క కనపడితే మీరూ అదే చెప్పండి. పరిగెత్తించండి, వెతికించండి, కొరకడానికి ఏదైనా ఇవ్వండి. మిరపకాయ పూస్తే నా తరఫున కూడా నాలుగు తిట్టండి. ఆ మండలం వదిలి వచ్చేదాకా, నా దగ్గరికి వచ్చిన ప్రతి కుక్క యజమానికీ నేను అదే చెప్పాను, చివర ఇంకొక ముక్క కలిపి. వాళ్ళు విని బయటికి పోతుంటే మా అటెండరు గుమ్మం దగ్గర ఆపి, నేను చెప్పింది మళ్ళీ వాళ్ళ చేత చెప్పించేవాడు.

మొరుగుతుంటే వెళ్ళకండి. వాడు ఎక్కడున్నాడో ముందు చూసుకోండి. మొరిగి మొరిగి ఉన్నట్టుండి ఊరుకుంటే మాత్రం, చేతిలో పని పడేసి పరిగెత్తండి.